మన స్మార్ట్ సిటీ వర్కింగ్ గ్రూపుకి ఒక్క పేజీ నియమాలు: ముసాయిదా పెడుతున్నా, అభ్యంతరాలు చెప్పండి

ఆర్కే బీచ్ (విశాఖ) · గురువారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. గాలి సెన్సార్లు, బస్‌స్టాప్‌ల డేటా అని రెండు పనులతో మొదలైన మన గ్రూపులో ఇప్పుడు విశాఖ, విజయవాడ, హైదరాబాద్, హనుమకొండ వాళ్లతో పాటు అమెరికాలో ఉన్నవాళ్లూ చేరారు. ఇన్నాళ్లూ ఎవరికి తీరికైతే వాళ్లు చేశారు, నడిచింది. ఇప్పుడు నడవట్లేదు. సెన్సార్ రీడింగులు ఏ ఫార్మాట్‌లో బయటపెట్టాలన్నది వాట్సాప్‌లో ఒకలా తేల్చారు, ఆదివారం కాల్‌లో ఇంకోలా తేల్చారు, గిట్‌హబ్‌లో ఉన్న కోడ్ ఆ రెండూ కాదు. ఎవరిని అడిగినా "అందరూ ఒప్పుకున్నారు కదా" అనే అంటున్నారు.

సంఘం, అధ్యక్షుడు, కార్యదర్శి లాంటివి నాకూ వద్దు. ఒక్క పేజీ చాలు. నేను రాసుకున్నది ఇది.

నిర్ణయం కావాల్సిన విషయం ఏదైనా ఇక్కడే, విడిగా ఒక శీర్షికతో పెట్టాలి. వాట్సాప్‌లో, కాల్‌లో ఎంతైనా మాట్లాడుకోవచ్చు, తేల్చకూడదు. పెట్టిన 72 గంటల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. అభ్యంతరం చెప్పేవాళ్లు కారణం రాయాలి. వేర్వేరు ఊళ్ల నుంచి ఇద్దరు కన్వీనర్లు, ఆరు నెలలకోసారి మారతారు. చర్చ ముగిసిందని చెప్పడం, నిర్ణయాల చిట్టాలో ఒక వాక్యం రాయడం తప్ప వాళ్లకు వేరే అధికారం లేదు.

తప్పులు పట్టండి.

ఉప్పల్ డిపో · రాత్రి 9:32

అన్నా, నాకు రూల్స్ అంటేనే చిరాకు. పదిమంది పనిచేసే చోటికి రూల్ బుక్ వచ్చిందంటే అందులో నలుగురు ఇక రూల్స్ గురించే మాట్లాడతారు. అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బస్‌స్టాప్ పెట్టడానికి నాకు ఎవరి పర్మిషన్ కావాలి? వెళ్లా, చూశా, పెట్టా. తప్పయితే ఇంకొకరు సరిచేస్తారు. తెలుగు వికీపీడియా 2003 నుంచి అట్లనే నడుస్తోంది కదా.

ఆర్కే బీచ్ · రాత్రి 9:40

దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. వెనక్కి తీసుకోగలిగే పని ఏదైనా అడక్కుండా చేసేయొచ్చు. ఇదే మొదటి వాక్యంగా పెడతాను.

అయితే వికీపీడియాలో కూడా పెద్ద మార్పులకు రచ్చబండ అనే చర్చా పేజీ ఉంది. అక్కడ చర్చించి, ఏం తేలిందో రాసి పెడతారు. మనకు లేనిది ఆ రాసి పెట్టడమే.

పాత ఫైలు · రాత్రి 10:25

కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, నేను మున్సిపల్ ఇంజినీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి.

2015 జూన్‌లో కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ తెచ్చినప్పుడు ప్రతి నగరానికి ఒక ఎస్‌పీవీ పెట్టమన్నారు. కంపెనీల చట్టం కింద కంపెనీ, రాష్ట్రానికీ మున్సిపాలిటీకీ చెరి సగం వాటా. దాని పక్కన నగర స్థాయి సలహా ఫోరం. అందులో కలెక్టరు, ఎంపీ, ఎమ్మెల్యే, మేయరు, ఆ కంపెనీ సీఈఓ, సాంకేతిక నిపుణులు, కాలనీ సంఘం నుంచి ఒకరు, యువత నుంచి ఒకరు, పన్నులు కట్టేవాళ్ల సంఘం నుంచి ఒకరు, బస్తీల సమాఖ్య నుంచి ఒకరు. కాగితం మీద ఇంతకంటే మంచి కూర్పు ఎవరూ చెయ్యలేరు. కానీ ఇంతమంది పెద్దల డైరీలు కలిసే రోజు దొరకాలి. దొరికినా, కాలనీ సంఘం ఆయన కలెక్టరుగారి పక్కన కూర్చుని ఎంత మాట్లాడతాడు? మాట్లాడినా అది సలహా. నిర్ణయం ఎస్‌పీవీ బోర్డుది.

అందుకే ముసాయిదా చదివేటప్పుడు నేను వెతికేది ఒకటే: ఒక మనిషి వద్దంటే దానికి జవాబు రాయాల్సింది ఎవరు? మీ పేజీలో అది లేదు. అభ్యంతరానికి కారణం అడిగారు, బాగుంది. మరి ఆ కారణాన్ని కాదన్నవాళ్లు తమ కారణం రాయక్కర్లేదా?

డల్లాస్ బాబాయ్ · శుక్రవారం ఉదయం 6:50

పాత ఫైలు గారూ, మీరన్నదాన్నే ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు పద్ధతిగా పెట్టుకున్నారు. 1986 నుంచి నడుస్తున్న సంస్థ. సభ్యత్వం లేదు, ఓటింగ్ లేదు. గదిలో ఎటువైపు మొగ్గు ఉందో చూడాలంటే చేతులెత్తించకుండా హమ్ చెయ్యమంటారు, గొంతులో ఊఁ అని. ఎవరు ఎటు అన్నది కనపడదు, మొత్తం మీద ఎటు ఉందో తెలుస్తుంది. 51 శాతం అంటే ఏకాభిప్రాయం కాదు, 99 శాతం అంటే అవసరమైనదానికంటే ఎక్కువే అని వాళ్ల 1998 నాటి నియమాల్లో ఉంది. మధ్యలో ఎక్కడ అన్నది చైర్ తేల్చాలి.

2014లో ఇంకో పత్రం వచ్చింది. దాని సారం ఏంటంటే, ప్రతి అభ్యంతరాన్నీ ఒప్పుకోనక్కర్లేదు, కానీ ప్రతిదాన్నీ పరిశీలించి తీరాలి. వందమంది ఔనన్నా, ఐదుగురు లేవనెత్తిన సాంకేతిక సమస్యకు జవాబు లేకపోతే విషయం తేలనట్టే.

ఇంకొకటి, నాకు సొంతంగా అవసరమైంది. గదిలో ఏది అనుకున్నా దాన్ని మళ్లీ మెయిలింగ్ లిస్టులో పెట్టి ఖాయం చెయ్యాలి. మన ఆదివారం కాల్ రాత్రి 8:30కి అంటే నాకు ఉదయం 10. అప్పుడు పిల్లల్ని తెలుగు బడికి దింపుతూ ఉంటాను. కాల్‌లో లేనివాడి మాట ఎప్పుడూ ఓడిపోకూడదు.

72 గంటల లెక్క ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే అపాచీ ఫౌండేషన్‌ది. వేర్వేరు దేశాల్లో, తీరిక వేళల్లో పనిచేసేవాళ్లకు కనీసం అంత సమయం ఉండాలని. అక్కడ కోడ్ మార్పుకి ఒక్కరు మైనస్ వన్, అంటే కాదన్న ఓటు, పెట్టినా ఆగుతుంది, కానీ సాంకేతిక కారణం లేని మైనస్ వన్ చెల్లదు. సాఫ్ట్‌వేర్ విడుదలకు మాత్రం వీటో లేదు. కనీసం మూడు ఔను ఓట్లు, అంటే ప్లస్ వన్‌లు రావాలి, వ్యతిరేకం కంటే అనుకూలం ఎక్కువుండాలి. ఏ పనికి ఏ తూకం అన్నది వాళ్లు విడివిడిగా పెట్టుకున్నారు. మనం అన్నిటికీ ఒకే 72 గంటలు పెడుతున్నాం, అదే నాకు నచ్చలేదు.

సెన్సార్ సుబ్బులు (విజయవాడ) · ఉదయం 9:15

బాబాయ్ గారూ, ఐఈటీఎఫ్‌లో ఎవరైనా ఎవరినైనా మొహం మీద కాదంటారు. మన గ్రూపులో చాలామంది ఇంజినీరింగ్ పిల్లలు, వాళ్ల లెక్చరర్లు కూడా ఇందులోనే ఉన్నారు. సార్ పెట్టిన ప్రతిపాదన కింద స్టూడెంట్ వచ్చి "నాకు అభ్యంతరం" అని రాస్తాడా? ఇంటర్నల్ మార్కులు గుర్తొస్తాయి. అమ్మాయిలు ఇంకా తక్కువ రాస్తారు. మౌనం అర్ధాంగీకారం అన్నది పెళ్లిచూపుల్లో నడిచిందేమో, డేటా దగ్గర నడవదు.

రెండు మార్పులు అడుగుతున్నా. ఒకటి, ఎవరైనా తమ అభ్యంతరాన్ని కన్వీనర్లలో ఒకరికి విడిగా పంపొచ్చు. కన్వీనర్ దాన్ని పేరు లేకుండా ఇక్కడ పెట్టాలి. జవాబు మిగతావాటికి ఇచ్చినట్టే ఇవ్వాలి.

రెండోది, కొన్ని విషయాల్లో మౌనం చాలదు. బయటికి వెళ్లాక వెనక్కి రానివి. మనుషుల వివరాలున్న డేటా, డబ్బు, అధికారులకో పత్రికలకో గ్రూపు పేరుతో వెళ్లే మాట. వీటికి కనీసం ముగ్గురు, రెండు ఊళ్లకు తగ్గకుండా, నోరు తెరిచి "సరే" అనాలి.

ఈ మూడింటిలో చివరిదాని సంగతి ఎందుకంటున్నానో పాతవాళ్లకు తెలుసు. నేను ఇంతకు ముందు పనిచేసిన ఒక బృందంలో ఒకాయన తెల్లవారుజామున సెన్సార్ స్క్రీన్‌షాట్ తీసి, నగరం విషవాయువులో మునిగిందన్నట్టు పత్రికకు పంపేశాడు. అది గాలిలో దుమ్ము కొలిచే ఎస్‌డీఎస్011 సెన్సార్. జర్మనీలోని స్టట్‌గార్ట్‌లో 2015లో మొదలైన పౌర సెన్సార్ ప్రాజెక్టు వాడినది కూడా అదే. చవక, మంచిదే, కానీ లేజర్ వెలుగుతో లెక్కపెట్టే రకం. గాలిలో తేమ బాగా పెరిగితే రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి, సెన్సార్ వాటిని ఉన్నదానికంటే ఎక్కువ దుమ్ముగా చూపిస్తుంది. కృష్ణ ఒడ్డున చలికాలం తెల్లవారుజామున తేమ ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. పైగా పీఎం 2.5 అనే అతి సన్నటి దుమ్ముకి మన దేశ ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు అన్నది 24 గంటల సగటుకి. ఆయన పెట్టింది ఒక్క క్షణపు అంకె. కాలుష్య నియంత్రణ మండలి స్టేషన్ రీడింగు పక్కన పెట్టి చూస్తే పొంతనే లేదు. ఆ తర్వాత ఆ బృందం నిజమైన సమస్య చెప్పినా ఆఫీసులో ఎవరూ వినలేదు.

ఉప్పల్ డిపో · ఉదయం 9:50

ఇది ఒప్పుకుంటా. మ్యాప్‌లో తప్పు స్టాప్ రేపు సరిచేయొచ్చు, పేపర్లో వచ్చింది సరిచేయలేం.

కానీ ముగ్గురు సరే అంటే చాలా? ఇంతమందిలో ముగ్గురంటే తక్కువ కాదా?

డల్లాస్ బాబాయ్ · ఉదయం 10:05

జీటీఎఫ్ఎస్ గురించి నీకే బాగా తెలుసు కదయ్యా. 2005లో పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన ఫార్మాట్. ఇవాళ ప్రపంచమంతా బస్సులు, మెట్రోల టైమ్‌టేబుళ్లు అందులోనే ఉంటున్నాయి. దాన్ని మార్చే పద్ధతి చాలా ఏళ్లు ఇలా ఉండేది: కనీసం ఏడు రోజుల ఓటింగ్, మూడు ఔనులు, ఒక్క కాదూ ఉండకూడదు. అంత పెద్దదానికే ముగ్గురు సరిపోయారు. ముగ్గురన్నది తక్కువలా కనపడుతుంది గానీ, వద్దన్నవాళ్లు ఒక్కరూ ఉండకూడదన్న షరతు కూడా కలిపి చూస్తే తక్కువేం కాదు.

ఉప్పల్ డిపో · ఉదయం 10:08

సరే, పడిపోయా 😄

కృష్ణలంక కుర్రాడు · మధ్యాహ్నం 1:20

ఒక డౌట్. సొసైటీగా రిజిస్టర్ చేసుకుంటే ఈ గొడవ ఉండదు కదా? లెటర్‌హెడ్ ఉంటే కార్పొరేషన్ వాళ్లు కూడా సీరియస్‌గా తీసుకుంటారని మా హెచ్‌ఓడీ సార్ అంటున్నారు.

పాత ఫైలు · మధ్యాహ్నం 2:45

బాబూ, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు, రిజిస్టర్ చేయించుకోవచ్చు. చేయించడం తేలిక. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకి పంపడం, లెక్కలు, ఆడిట్. ఇవి చేసేది ఎవరు? మీరు చదువు అయిపోయి బెంగళూరు వెళ్లిపోతారు, నేను మోకాళ్ల నొప్పులతో ఇంట్లో ఉంటాను.

లెటర్‌హెడ్ దేనికి కావాలో ముందు చెప్పండి. సమాచారం అడగడానికి అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం ఆ హక్కు ఇచ్చింది పౌరులకు, సంస్థలకు కాదు. మనలో ఎవరైనా తన పేరుతో అడగొచ్చు. ఓపెన్ డేటా, అంటే ప్రభుత్వం అందరికీ తెరిచిపెట్టిన డేటా, వాడుకోవడానికీ అక్కర్లేదు. తెలంగాణకి 2016 నుంచి ఓపెన్ డేటా పాలసీ ఉంది, పోర్టల్ ఉంది. కేంద్రం 2017లో ఓపెన్ డేటా లైసెన్స్ ప్రకటించింది. లైసెన్స్ పాటిస్తూ మూలం చెబితే చాలు.

సంతకం కావాల్సింది మున్సిపల్ స్తంభం మీద సెన్సార్ బిగించాలంటే. అప్పుడు రాతకోతలు ఉంటాయి, కరెంటు బిల్లు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. దానికి మీ కాలేజీ చేత సంతకం పెట్టించండి. కాలేజీకి ముందే రిజిస్ట్రేషన్ ఉంది, ఆడిట్ ఉంది. మీ హెచ్‌ఓడీగారికి ఆ ఉత్సాహం ఉంటే అటు తిప్పండి.

వేయిస్తంభాలు (హనుమకొండ) · సాయంత్రం 6:30

ఇంకెవరైనా చెప్పేలోపు నేనే చెబుతున్నా. నేను పనిచేసే కంపెనీ, నగరంలోని కెమెరాలు, సెన్సార్లను ఒకే చోట నుంచి చూసే కమాండ్ కంట్రోల్ సెంటర్లకు సాఫ్ట్‌వేర్ ఇస్తుంది. ఫార్మాట్ చర్చలో నేను చెప్పింది మా కంపెనీ వాడేదే. అది మంచిదని నమ్మే చెప్పాను. కానీ నిన్న వాట్సాప్‌లో ఒకరు "వీడు సేల్స్ కోసం వచ్చాడు" అన్నారు. కంపెనీలో పనిచేసేవాళ్లు ఈ గ్రూపులో ఉండకూడదంటే ఒక్క మాట చెప్పండి, వెళ్లిపోతా. ఈ రంగంలో పని తెలిసినవాళ్లు ఏదో ఒక కంపెనీలోనే ఉంటారు మరి.

సెన్సార్ సుబ్బులు · సాయంత్రం 6:52

ఆ మాట అన్నది తప్పు. మీరు లేకపోతే సర్వర్ పని సగం కూడా అయ్యేది కాదు. కానీ నేను సూటిగా అడుగుతా: ఫార్మాట్ విషయంలో చర్చ ముగిసిందని ప్రకటించే కన్వీనర్ మీరే అయితే, కొత్తగా వచ్చినవాడికి ఎలా కనపడుతుంది?

వేయిస్తంభాలు · సాయంత్రం 7:10

అట్లా అడిగితే జవాబు చెప్పగలను. బాగా కనపడదు. ఆ ఒక్కదాంట్లో నేను కన్వీనర్‌గా ఉండను. కానీ నా వాదన నేను వినిపిస్తా, కోడ్ కూడా రాస్తా.

ఆర్కే బీచ్ · సాయంత్రం 7:35

దీన్ని అలాగే నియమంగా రాద్దాం. వికీపీడియాను నడిపే వికీమీడియా 2014లోనే డబ్బు తీసుకుని దిద్దేవాళ్లు ఆ సంగతి వెల్లడించాలని షరతు పెట్టింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కంపెనీల బృందాలు దిద్దాలంటే ఎవరు, ఎందుకు అన్నది ముందు బహిరంగంగా రాయమని 2018 నుంచి అడుగుతున్నారు. రెండు చోట్లా దారి మూసేయలేదు, చెప్పి రమ్మన్నారు. లెక్చరర్లకీ ఇదే వర్తిస్తుంది, తమ స్టూడెంట్ ప్రాజెక్టు చర్చకు వచ్చినప్పుడు.

వాట్సాప్‌లో ఆ మాట అన్నవారితో నేను విడిగా మాట్లాడతాను.

ఉప్పల్ డిపో · రాత్రి 8:15

టాపిక్ కాస్త పక్కకు. స్మార్ట్ సిటీ అంటున్నారు, అసలు మా హైదరాబాద్ ఆ మిషన్‌కి ఎంచిన వంద నగరాల జాబితాలోనే లేదు. మా బదులు కరీంనగర్ వెళ్లింది. విశాఖ, కాకినాడ 2016 జనవరిలో మొదటి ఇరవైలోనే వచ్చాయి. మిషన్ కూడా 2025 మార్చితో ముగిసింది. మరి ఇప్పుడు మనం ఉత్తరం రాస్తే ఎవరికి రాయాలి?

పాత ఫైలు · రాత్రి 8:40

మిషన్ ముగిసినా కమాండ్ కంట్రోల్ సెంటర్లు, కెమెరాలు, సెన్సార్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి నిర్వహణ నగరాలదే. 2019 డేటాస్మార్ట్ సిటీస్ ప్రణాళికలో నగరానికి ఒక డేటా ఆఫీసర్ని పెట్టమన్నారు. విశాఖలో ఆ కుర్చీ ఎవరిదో కనుక్కుని ఆయనకే రాయండి. హైదరాబాద్‌లో బస్సులు ఆర్టీసీవి, మెట్రో వేరు, రోడ్లు కార్పొరేషన్‌వి. ఒకే ఉత్తరం ముగ్గురికీ పంపితే ముగ్గురూ పక్కవాడి పని అనుకుంటారు. మూడు వేర్వేరు ఉత్తరాలు రాయండి, ఒక్కొక్క దాంట్లో ఒక్కటే అడగండి.

వేయిస్తంభాలు · రాత్రి 9:05

ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? గిట్‌హబ్ ఓనర్ ఎవరు? సర్వర్ బిల్లు ఎవరి కార్డు నుంచి పోతోంది?

ఆర్కే బీచ్ · రాత్రి 9:12

డొమైన్ నా పేరు మీద. గిట్‌హబ్ ఓనర్ సుబ్బులు గారు ఒక్కరే. సర్వర్ బాబాయ్ గారి కార్డు.

వేయిస్తంభాలు · రాత్రి 9:20

అంటే ముగ్గురు మనుషులు, మూడు తాళాలు, ఒక్కదానికీ డూప్లికేట్ లేదు. నిర్ణయాలు ఎంత ప్రజాస్వామ్యంగా చేసుకున్నా, మీ ఫోన్ పోయిన రోజు, బాబాయ్ గారి కార్డు ఎక్స్‌పైర్ అయిన రోజు గ్రూపు ఆగిపోతుంది. నేను పనిచేసిన ఇంకో చోట ఇలాగే జరిగింది. డొమైన్ రెన్యూవల్ మెయిల్ ఉద్యోగం మారినవాడి పాత ఆఫీసు ఐడీకి పోయింది. పేరును వేరెవరో కొనుక్కుని దాంట్లో రమ్మీ ప్రకటనలు పెట్టారు. కన్వీనర్ల పదవీకాలం ఆరు నెలలా సంవత్సరమా అన్నదానికంటే ఇదే ముందు తేలాలి అంటాను.

డల్లాస్ బాబాయ్ · రాత్రి 9:31

ప్లస్ వన్. కార్డు వచ్చే ఏడాది వరకు పనిచేస్తుంది, కంగారు లేదు. కానీ నేను పోతే పాస్‌వర్డ్ మా ఆవిడకి కూడా తెలీదు.

ఆర్కే బీచ్ · శనివారం ఉదయం 8:30

అందరి మాటా కలిపి మళ్లీ రాశాను. పేజీ దాటలేదు.

వెనక్కి తీసుకోగలిగే పని అడక్కుండా చేయొచ్చు. మిగతావి ఇక్కడ పెట్టాలి, 72 గంటలు ఆగాలి. వారాంతం మధ్యలో వస్తే సోమవారం రాత్రి వరకు. వ్యక్తుల వివరాలు, డబ్బు, గ్రూపు పేరుతో బయటికి వెళ్లే మాట: ఈ మూడింటికి ఏడు రోజులు, రెండు ఊళ్ల నుంచి కనీసం ముగ్గురి సరే, జవాబు లేని అభ్యంతరం ఒక్కటీ ఉండకూడదు. అభ్యంతరం పేరుతోనైనా, కన్వీనర్ ద్వారా పేరు లేకుండానైనా చెప్పొచ్చు. కారణం ఉండాలి, దానికి రాతపూర్వకంగా జవాబుండాలి. విషయంలో ఉద్యోగం, డబ్బు, మార్కుల సంబంధం ఉన్నవాళ్లు మొదటి పోస్టులోనే చెప్పాలి. వాదించొచ్చు, చర్చ ముగించకూడదు. ప్రతి ఖాతాకూ వేర్వేరు ఊళ్లలో ఇద్దరు ఓనర్లు. ఇద్దరు కన్వీనర్లు, ఆరు నెలలు. ఈ పేజీని మార్చాలంటే ఏడు రోజుల పద్ధతే.

వ్యక్తుల వివరాల్లో బస్సు ప్రయాణికుల ఫోన్ల వైఫై సిగ్నళ్లతో తీసే లెక్కలు కూడా వస్తాయి. పేర్లు తీసేశాం కదా అంటే చాలదు, 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక అసలే చాలదు. కెనడాలోని టొరంటోలో గూగుల్ సోదర సంస్థ సైడ్‌వాక్ ల్యాబ్స్ 2017లో తలపెట్టిన పేట ప్రాజెక్టు మీద గొడవ ముదిరిందే అక్కడ. సెన్సార్లు సేకరించేదాన్ని ఎవరు, ఎక్కడ గుర్తుపట్టకుండా చేస్తారో తేలక ప్రైవసీ సలహాదారు తప్పుకున్నారు. 2020లో కంపెనీయే విరమించుకుంది.

ఇదే ఏడు రోజుల కింద పెడుతున్నాను. వచ్చే శనివారం ఉదయం 8:30 వరకు.

సెన్సార్ సుబ్బులు · ఉదయం 8:55

సరే. గిట్‌హబ్‌లో రెండో ఓనర్‌గా ఉప్పల్ డిపోని చేరుస్తున్నా. ఇన్విటేషన్ వచ్చింది చూసుకో.

ఉప్పల్ డిపో · ఉదయం 9:20

నన్నా! రూల్స్ వద్దన్నవాడికే తాళం ఇస్తున్నారు. యాక్సెప్ట్ చేశా. ముసాయిదాకి కూడా సరే.

కృష్ణలంక కుర్రాడు · ఉదయం 10:40

నాకు ఒక అభ్యంతరం ఉంది, పేరుతోనే చెబుతున్నా. కన్వీనర్ల ఆరు నెలలు మే నెలలో, నవంబరులో మారితే రెండుసార్లూ మా సెమిస్టర్ పరీక్షల మీద పడుతుంది. అప్పుడు స్టూడెంట్స్ ఎవరూ నిలబడలేరు. జూలై, జనవరి పెట్టండి.

ఆర్కే బీచ్ · ఉదయం 10:52

కారణం బాగుంది. జూలై, జనవరి. దిద్దాను.

పాత ఫైలు · ఉదయం 11:30

సరే. విజయవాడ, హైదరాబాద్ రెండూ వచ్చాయి గనక ఊళ్ల లెక్క సరిపోయింది. డొమైన్ రెండో పేరు మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. వేయిస్తంభాలు గారూ, లేవనెత్తింది మీరే కదా, తీసుకుంటారా?

వేయిస్తంభాలు · మధ్యాహ్నం 12:05

తీసుకుంటా. ఆఫీసు మెయిల్ కాదు, సొంత మెయిల్ ఇస్తున్నా. రెన్యూవల్ తేదీ ఎప్పుడో చిట్టాలో రాయండి.